కొరియా సహోద్యోగులతో ఉగాది భోజనం

ప్రశ్న: పెనుకొండ దగ్గర ఒక కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాను. మా లైన్‌లో ముగ్గురు కొరియా వాళ్లు, తొమ్మిది మంది మనవాళ్లం. పోయిన ఉగాదికి అందరం కలిసి భోంచేశాం. కారం ఎక్కువై వాళ్లు పెరుగన్నంతో సరిపెట్టుకున్నారు. వాళ్లు ప్రేమగా తెచ్చిన కిమ్చీ (ఊరబెట్టిన కూరగాయల పచ్చడి) తిన్నాక, అందులో చేప ఉందని తెలిసి మా శాకాహారి మిత్రుడు బాధపడ్డాడు. ఈసారి ఇలా కాకూడదంటే ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, శ్రీ సత్యసాయి జిల్లా

జవాబు: ముందు కారం సంగతి. కొరియా కూరలు ఎర్రగా ఉంటాయి కాబట్టి వాళ్లు మనలాగే కారం తింటారనుకుంటాం. పొరపాటు అక్కడే జరుగుతుంది. వాళ్ల మిరప్పొడికి రంగు ఎక్కువ, ఘాటు తక్కువ, కొంచెం తీపి కూడా. గుంటూరు కారం ఆ లెక్కన వేస్తే నోరు మండిపోతుంది. నాటుకోడి పులుసులో మామూలుగా వేసే కారంలో సగమే వేసి వండండి. వాళ్లకు ఒక గిన్నె తీసి పక్కన పెట్టాక, మిగిలిన సగం మన గిన్నెలో వేసి ఇంకో 5 నిమిషాలు ఉడికించండి. పైన చల్లి వదిలేస్తే పచ్చికారం వాసన వస్తుంది.

పచ్చడి మాత్రం అందరికీ ఒకటే ఉండాలి, పండగంతా అందులోనే ఉంది. 12 మందికి తలా ఒక చిన్న గ్లాసు చొప్పున: 40 గ్రాముల కొత్త చింతపండు అర లీటరు నీళ్లలో నానబెట్టి పిసికి వడకట్టండి. 120 గ్రాముల బెల్లం తురుము, సన్నగా తరిగిన ఒక మామిడికాయ, అర చెంచా ఉప్పు, ఒక పచ్చిమిర్చి తరుగు కలపండి. రెండు చెంచాల వేపపువ్వు తాగే ముందే వేయాలి. పొద్దున ఇంట్లో కలిపి మధ్యాహ్నం దాకా ఉంచితే చేదు అంతటా దిగి, కొత్తవాళ్లు ఒక గుక్కతో ఆపేస్తారు. గ్లాసు చేతికిచ్చే ముందే ఆరు రుచుల అర్థం చెప్పండి. చేదు ఎందుకో తెలిసి తాగితే అది ఆచారంలా అనిపిస్తుంది, తెలియకపోతే పొరపాటున కలిసిందనుకుంటారు.

ఓళిగలు (బొబ్బట్లు) తప్పకుండా చేయండి. చక్కెర పూర్ణం పెట్టి పెనం మీద కాల్చే హొట్టొక్ అక్కడి వీధుల్లో అమ్ముతారు, అందుకే ఓళిగ చూడగానే వాళ్లకు ఇల్లు గుర్తొస్తుంది. రాగి సంగటి పెడితే ఎలా తినాలో చూపించండి. ముద్ద కొంచెం తుంచి, బొటనవేలితో గుంట చేసి, పులుసులో ముంచి, నమలకుండా మింగాలి. చెప్పకపోతే వాళ్ల బియ్యప్పిండి వంటకం ‘తొక్’లాగా నములుతూ కూర్చుంటారు, సంగటి పళ్లకు అతుక్కుంటుంది. సోనామసూరి అన్నం పొడిపొడిగా ఉంటుంది, వాళ్ల అన్నంలా తినే పుల్లలకు (చాప్‌స్టిక్స్‌కు) అంటుకోదు. పళ్లెం పక్కన చెంచా పెట్టండి.

కిమ్చీలో సాధారణంగా చేప రసమో ఉప్పు రొయ్యలో వేస్తారు. చూడ్డానికి కూరగాయే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ప్యాకెట్ నూడుల్స్ మసాలాలో గొడ్డు మాంసం సారం ఉండొచ్చు, ఆకుపచ్చ చుక్క చూసి తీసుకోండి. ఇంట్లో చేసి తెచ్చిన దానికి చుక్క ఉండదు, వారం ముందే అడగాలి. “మా వాళ్లలో ఇద్దరు చేప, మాంసం తినరు, ఇందులో ఏమేం వేస్తారు?” అంటే ఎవరూ నొచ్చుకోరు. వేరుశెనగ, నువ్వులు ఎవరికైనా పడవేమో కూడా అప్పుడే అడగండి.

ఇంకో మాట. కొరియాలో బల్ల దగ్గర అందరికంటే పెద్దాయన చెంచా ఎత్తేదాకా చిన్నవాళ్లు ఆగుతారు. మీరు “తినండి తినండి” అంటున్నా కుర్రాడు కదలకపోతే మొహమాటం అనుకోకండి, పెద్దాయన ముందు మొదలుపెట్టేలా చూడండి. గ్లాసు రెండు చేతులతో ఇవ్వడం కూడా అక్కడ మర్యాదే, అందులో ఎడమచేయి ఉందని మనం బాధపడక్కర్లేదు.

ప్రశ్న: మా ఫ్యాక్టరీలోని కొరియా పెద్దాయనను ఏమని పిలవాలి? నా పేరు రమేష్ అంటే ఆయన “రామేషి” అంటారు. మా వెంకటేశ్ “బెంకటేశి” అయిపోయాడు.
— హిందూపురం నుంచి ఒక పాఠకుడు

జవాబు: కొరియన్‌లో ఇంగ్లీషు V లాంటి ‘వ’ పలుకు లేదు, అది ‘బ’ అవుతుంది. ‘ఫ’ కూడా ‘ప’ అవుతుంది. చివర ‘ష్’ నిలవదు, ఇకారం చేరుతుంది. ఆయన మీ పేరు పాడుచేయడం లేదు, నాలుక అంతవరకే తిరుగుతోంది.

వాళ్లకూ మనలాగే ఇంటిపేరు ముందు. దానికి హోదా, ‘నిమ్’ చేర్చి పిలవాలి. నిమ్ అంటే మన ‘గారు’. విభాగాధిపతి అయితే బుజాంగ్‌నిమ్, సెక్షన్ పెద్ద అయితే గ్వాజాంగ్‌నిమ్. ఇంగ్లీషులో లీ అని రాసుకున్నాయన్ను కొరియన్‌లో ‘ఈ’ అంటారు, కాబట్టి ‘ఈ బుజాంగ్‌నిమ్’. పేరు చివర చేర్చే ‘శ్శి’ అనే మాట పెద్దవాళ్లకు వాడరు, సమానులకో, చిన్నవాళ్లకో పూర్తి పేరుతోనో, సొంత పేరుతోనో వాడతారు. ఒట్టి ఇంటిపేరుకు తగిలిస్తే తక్కువ చేసినట్టు.

బల్లల మీద రెండు లిపుల్లో పేర్ల కార్డులు పెట్టండి. 1446లో సేజోంగ్ రాజు ప్రకటించిన కొరియా లిపి హంగుల్‌లో ఇప్పుడు మూల హల్లులు 14, అచ్చులు 10. గుణింతం వచ్చిన మనకు హల్లు, అచ్చు కలిసి ఒక అక్షరమవడం కొత్త కాదు, వారం రోజుల సాయంత్రాలు చాలు. పేర్లు ఎర్ర సిరాతో మాత్రం రాయకండి. చనిపోయినవాళ్ల పేర్లు అలా రాస్తారన్న భావన అక్కడ బలంగా ఉంది.

ప్రశ్న: “సరుకు రాలేదా?” అని ఇంగ్లీషులో అడిగితే మా కొరియా పెద్దాయన “యస్” అంటారు. వచ్చినట్టా, రానట్టా?

జవాబు: రానట్టు. “రాలేదా?” అంటే మనం “అవును, రాలేదు” అంటాం కదా, కొరియన్‌లోనూ అంతే. వాళ్ల ‘నే’ అంటే ‘అవును, మీరన్నది నిజం’. ఇంగ్లీషులో ఇది తిరగబడుతుంది, అందుకే మధ్యలో ఇద్దరూ తికమకపడతారు. “ఎన్ని పెట్టెలు వచ్చాయి?” అని అంకె వచ్చేలా అడగండి. మనం సరే అన్నట్టు తల పక్కలకు ఊపడం వాళ్లకు కాదన్నట్టో, సందేహంలా ఉన్నట్టో కనిపిస్తుంది. నోటితో చెప్పి కిందికి ఊపండి.

ప్రశ్న: వాళ్ల పండగకు మేమేం చేయొచ్చు?

జవాబు: చాంద్రమానం ఎనిమిదో నెల పౌర్ణమి చుసోక్. ఆ రోజు అర్ధచంద్రాకారంలో నువ్వులో, బీన్స్ పూర్ణమో పెట్టి, పైన్ చెట్టు ఆకుల మీద ఆవిరికి ఉడికించే సోంగ్‌ప్యోన్ చేసుకుంటారు. మన పూర్ణం కుడుములకు దగ్గర బంధువు అది. ఒక డబ్బా కుడుములు పట్టుకెళ్లి రెండు చేతులతో ఇవ్వండి.