మెల్‌బోర్న్‌లో ఇంటి పెరట్లో స్థానిక యూకలిప్టస్‌ను విత్తనం నుంచి పెంచవచ్చా? దానివల్ల ఉపయోగం ఏమిటి?

తప్పకుండా పెంచవచ్చు. మా పెరట్లోని ఎల్లో గమ్ అనే యూకలిప్టస్‌ను నేను విత్తనం నుంచే పెంచాను. అది విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియా నేలల్లో పుట్టిన చెట్టు కాబట్టి ఇక్కడి వేసవిని తట్టుకుంటుంది. ఏటి ఒడ్డున పెరిగే రివర్ రెడ్ గమ్ అనే మరో యూకలిప్టస్‌ను మాత్రం ఇంటి దగ్గర నాటవద్దు. అది 30 మీటర్లు దాటి పెరగగలదు, గాలి లేని రోజున కూడా దాని కొమ్మలు విరిగి పడతాయి.

గాలివానకు పక్కింటి పెద్దావిడ ఎల్లో గమ్ చెట్టు కొమ్మ ఒకటి విరిగిపడితే, ఆవిడను అడిగి కాయలు తెచ్చుకున్నాను. కాగితం సంచిలో వేసి వెచ్చని చోట పెడితే వారం తిరిగేసరికి కాయల మూతులు విచ్చుకుని, సంచి అడుగున ఎర్రని పొట్టు, అందులో అక్కడక్కడ ఆవగింజ కన్నా చిన్నవైన నల్లని గింజలు కనిపించాయి. ధనియాలు చల్లే అలవాటు కొద్దీ వాటి మీద వేలెడు మట్టి కప్పి, పైనుంచి గొట్టంతో నీళ్లు పోశాను. ఒక్క మొలక కూడా రాలేదు. మరుసటి సెప్టెంబరులో గింజలను మట్టి పైనే చల్లి, పలుచగా ఇసుక రాల్చి, ట్రేను నీళ్ల పళ్లెంలో ఉంచి అడుగు నుంచే తడి అందేలా చేశాను. పదో రోజున మొలకలు కనిపించినప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

రెండో జత ఆకులు రాగానే, కాండాన్ని కాకుండా ఆకును పట్టుకుని, సన్నని పొడవాటి గొట్టాల్లాంటి కుండీల్లోకి మార్చాలి. వెడల్పు కుండీలో ఎక్కువ కాలం ఉంచితే వేళ్లు చుట్టలు చుట్టుకుని, పెద్దయ్యాక చెట్టు గాలికి నిలవదు. నేలలో నాటడానికి ఏప్రిల్, మే నెలలు మంచివి.

ఇక ఉపయోగం గురించి. మా చెట్టు అయిదో ఏట చలికాలంలో పూసింది. మొగ్గ మీది చిన్న టోపీ ఊడి రాలగానే గులాబీరంగు కేసరాలు కుచ్చులా విప్పుకుంటాయి, ఆ తేనె కోసం తెల్లవారకముందే లోరికీట్ చిలుకలు వచ్చి వాలతాయి. నాకు ఆ ఒక్క ఉపయోగమే చాలు. తైలం కోసం దీన్ని పెంచనక్కరలేదు. విక్టోరియాలో 1850ల్లో జోసెఫ్ బొసిస్టో మొదలుపెట్టిన తైలం పరిశ్రమ నేడు ముఖ్యంగా బ్లూ మాలీ అనే మరో జాతి ఆకుల మీద నడుస్తోంది. జలుబు చేసిందని పిల్లలకు ఆ తైలాన్ని చుక్కలుగా తాగించేవారిని చూస్తే నాకు భయం వేస్తుంది. కొద్దిపాటి మోతాదు కూడా పసివాళ్లకు విషమే.

ప్రకాశం జిల్లాలోని మా బంధువులు ఫోన్ చేసినప్పుడల్లా "నీళ్లు తాగేసే జామాయిల్‌ను ఎందుకు నాటావు?" అని అడుగుతారు. మన దగ్గరి జామాయిల్ చాలావరకు రివర్ రెడ్ గమ్, దాని దగ్గరి చుట్టాల నుంచి తీసిన క్లోన్లే. కాగితం మిల్లుల కోసం ఎకరాలకు ఎకరాలు ఒత్తుగా నాటి, నాలుగేళ్లకోసారి నరికి, మోడు నుంచి మళ్లీ పిలకలు పెంచితే ఏ నేల అయినా ఎండిపోతుంది. ఆ నింద చెట్టుది కాదని నా గట్టి నమ్మకం. ఇదే రివర్ రెడ్ గమ్ బెరడును ఒక్క ముక్కగా ఒలిచి ఇక్కడి ఆదివాసులు పడవలు చేసుకున్నారు. ఆ మచ్చలతో నేటికీ బతికి ఉన్న చెట్లు మర్రే నది ఒడ్డున ఉన్నాయి.

చివరిగా ఒక మాట: ప్రభుత్వ స్థలాల్లోని చెట్ల నుంచి అనుమతి లేకుండా కాయలు కోయకండి, తెలిసినవారి పెరట్లో అడిగి తెచ్చుకోండి.