ఫిట్స్ 5 నిమిషాలు దాటితే వెంటనే మందు ఎందుకు వేయాలి?

కారణం గాబా గ్రాహకాల్లో, అంటే మెదడులోని నాడీకణాల పైపొర మీద గాబా అంటుకునే చోట్లలో ఉంది. గాబా అనే రసాయనం నాడీకణాల ఉద్రేకాన్ని అణచి ఉంచుతుంది. అది గాబా-ఎ గ్రాహకాన్ని అంటుకోగానే అందులోని సన్నటి దారి తెరుచుకుని క్లోరైడ్ అయాన్లు కణంలోకి వెళ్తాయి, కణం శాంతిస్తుంది. ఈ అదుపు తప్పితే కణాలు మూకుమ్మడిగా చెలరేగి ఫిట్స్ రావచ్చు. (మూర్ఛకు ఇదొక్కటే కారణం కాదు.)

ఫిట్స్ ఆపడానికి వేసే లొరాజెపామ్, మిడజోలామ్ మందులు గాబా ఉన్నప్పుడు ఆ దారి మరిన్నిసార్లు తెరుచుకునేలా చేస్తాయి. చిక్కేమిటంటే, ఫిట్స్ ఆగకుండా సాగేకొద్దీ కణాలు ఈ గ్రాహకాలను పైపొర నుంచి లోపలికి లాగేసుకుంటాయి. అంటుకోవడానికి గ్రాహకమే లేకపోతే మందేం చేస్తుంది?

అందుకే డాక్టరు ముక్కులో కొట్టే మిడజోలామ్ స్ప్రే రాసిచ్చి ఉంటే, ఆయన చెప్పిన మోతాదులో ఇంట్లోనే వాడండి, అంబులెన్సుకు 108 చేయండి. దయచేసి చేతిలో తాళాలు పెట్టి, నోట్లో నీళ్లు పోసి ఆ విలువైన నిమిషాలు పోగొట్టకండి.