నిద్రలో వచ్చిన పక్షవాతానికి టైం దాటిపోయినట్టేనా?

ప్రశ్న: మా నాన్నకు 64 ఏళ్లు. బీపీ, షుగర్ ఉన్నాయి. మూడు నెలల కిందట ఒకరోజు పొద్దున అయిదున్నరకు అమ్మ లేపితే లేవలేకపోయారు. మూతి వంకర పోయింది, ఎడమ చెయ్యి, కాలు పడిపోయాయి. షుగర్ తగ్గిందేమోనని నేను చక్కెర ఎక్కువ వేసి కాఫీ తాగించాను, పొలమారింది. ఏడింటికి దగ్గర్లోని ఆస్పత్రికి తీసుకెళ్తే సీటీ తీసి ‘స్కాన్ నార్మల్’ అన్నారు. రాత్రి పదింటికి పడుకున్నారు కాబట్టి ఎప్పుడు వచ్చిందో తెలియదని, గడ్డ కరిగించే ఇంజక్షన్‌కు టైం దాటిపోయిందని చెప్పారు. అక్కడి నుంచి హైదరాబాద్ తీసుకెళ్లాం. మధ్యాహ్నం ఒంటిగంటకు ఎంఆర్ఐ తీసి, తొడ దగ్గర నుంచి గొట్టం పంపి తలలో గడ్డ తీశారు. నాలుగో రోజు న్యుమోనియా వచ్చి పన్నెండు రోజులు ఐసీయూలో ఉన్నారు. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నారు. నాలుగున్నర గంటలు దాటితే లాభం లేదంటారు కదా, మరి మధ్యాహ్నం గడ్డ ఎలా తీశారు? స్కాన్ నార్మల్ అయితే పక్షవాతం ఎలా వచ్చింది? న్యుమోనియా నేను తాగించిన కాఫీ వల్లేనా? ఇమ్యూనిటీ పెరగడానికి మందులేమైనా ఉన్నాయా? తమ్ముడు స్టెమ్ సెల్ ఇంజక్షన్లు వేయిద్దామంటున్నాడు. ఇంకోమాట. ఆ రోజు నాన్న నాలుగింటికి బాత్రూంకు లేచి, మంచినీళ్లు తాగి మళ్లీ పడుకున్నారని అమ్మ తర్వాత చెప్పింది.
– ఒక పాఠకురాలు, సూర్యాపేట జిల్లా

జవాబు: మీరు చివర్లో ‘ఇంకోమాట’ అని రాసిన దాని దగ్గరే నేను ఆగిపోయాను. నాలుగింటికి నాన్నగారు తనంతట తాను నడిచి బాత్రూంకు వెళ్లారు, గ్లాసు పట్టుకుని నీళ్లు తాగారు. పక్షవాతంలో మనిషి చివరిసారి మామూలుగా కనిపించిన సమయం నుంచి మేం గంటలు లెక్కపెడతాం. రాత్రి పది నుంచి లెక్కేస్తే ఏడింటికి తొమ్మిది గంటలు అయిపోయాయి. నాలుగు నుంచి లెక్కేస్తే మూడు గంటలే. అంటే మీరు ఆస్పత్రి మెట్లెక్కేసరికి ఇంజక్షన్‌కు ఇంకా గంటన్నర టైం ఉంది.

ఇది చదివి అమ్మను ఏమీ అనకండి. ఆ గాబరాలో ఏ మాట పనికొస్తుందో ఇంట్లోవాళ్లకు ఎలా తెలుస్తుంది? ‘రాత్రి మధ్యలో లేచారా? ఎవరైనా చూశారా? ఎవరితోనైనా ఫోన్లో మాట్లాడారా?’ అని తరచి అడగాల్సింది డాక్టర్లం మేమే. అడిగి ఉంటే ఇంజక్షన్ ఇచ్చేసేవారని నేను ఖాయంగా చెప్పలేను. బీపీ ఎంత ఉంది, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా, ఈమధ్య ఆపరేషన్ ఏమైనా అయిందా అన్నవి కూడా చూడాలి. కానీ ఆ మాట తెలిసి ఉంటే కనీసం ఆ ఆలోచన జరిగేది. స్ట్రోక్ వచ్చిన ప్రతి ఐదుగురిలో ఇంచుమించు ఒకరికి అది నిద్రలేచాకే బయటపడుతుంది కాబట్టి, ఈ కాలమ్ చదివే అందరికీ చెబుతున్నాను. 108కి ఫోన్ చేశాక ఆంబులెన్స్ వచ్చేలోపు ఇంట్లో అందర్నీ ఈ ఒక్క ప్రశ్న అడగండి: ఈయన్ని చివరిసారి బాగా ఉండగా ఎవరు, ఎన్నింటికి చూశారు? ఆ టైం కాగితం మీద రాసుకెళ్లండి.

ఇక నాలుగున్నర గంటల సంగతి. గడ్డ కరిగించే ఇంజక్షన్ మూడు గంటల్లోపు ఇస్తే పనిచేస్తుందని 1995లో అమెరికాలో జరిగిన పరిశోధన తేల్చింది. 2008లో యూరప్ పరిశోధకులు దాన్ని నాలుగున్నర గంటల దాకా పొడిగించారు. అంతకుమించి ఆలస్యమైతే అప్పటికే చచ్చుబడిన మెదడులోకి రక్తం ఒక్కసారిగా దూకి, చిట్లి, లోపల రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరుగుతుంది. మీరు విన్న లెక్క అదే, అబద్ధం కాదు. నేను పీజీ చేసే రోజుల్లో ‘నిద్రలో వచ్చింది’ అని కేస్ షీట్‌లో రాశామంటే ఇక ఆస్పిరిన్ ఇచ్చి, ఫిజియోథెరపీ రాసి వార్డుకు పంపేవాళ్లం. అలా పంపిన ముఖాలు కొన్ని ఇప్పటికీ గుర్తున్నాయి.

ఆ పద్ధతిని స్కాన్లు మార్చాయి. సాగర్ ఎడమ కాలువ పారే జిల్లా మీది, కాబట్టి పొలం భాషలో చెబుతాను. పిల్లకాలువకు ఏదో అడ్డం పడి నీళ్లు ఆగిపోతే తూముకు ఎదురుగా ఉన్న మడి నెర్రెలు బారిపోతుంది. పక్క మడికి మాత్రం పైపొలం గట్టు కింద నుంచి కొంత ఊట దిగుతుంటుంది. పైరు వాడిపోతుంది, చావదు. ఆ ఊట ఉన్నంతసేపు అడ్డం తీసి నీళ్లు వదిలితే మళ్లీ తలెత్తుతుంది. మెదడులోనూ అంతే. గడ్డ పడ్డ రక్తనాళం కింద మధ్య భాగం త్వరగా చచ్చిపోతుంది. చుట్టూ ఉన్న భాగం పక్క రక్తనాళాల నుంచి వచ్చే కొద్దిపాటి రక్తంతో కొన ఊపిరి నిలుపుకుంటుంది. పెనంబ్రా అంటాం దాన్ని. చేతిని కదపలేదు, మాట పలికించలేదు, కానీ బతికే ఉంటుంది. ఈ ఊట కొందరిలో రెండు గంటలకే ఇంకిపోతుంది, కొందరిలో పదిహేను గంటలు కూడా నిలబడుతుంది. అందరికీ ఒకే గడియారం పెడితే రెండో రకం వాళ్లకు అన్యాయం జరుగుతుంది.

స్కాన్‌లో ఈ రెండు భాగాల్నీ విడివిడిగా చూడొచ్చు. చేతి నరంలోకి రంగు మందు ఎక్కించి, అది మెదడులో ఎక్కడికి ఎంత ఆలస్యంగా చేరుతోందో సెకన్లలో కొలుస్తారు. దాన్నుంచి కంప్యూటర్ ఒక బొమ్మ గీస్తుంది. చచ్చిపోయింది ఒక రంగులో, వాడిపోయి బతికున్నది ఇంకో రంగులో కనిపిస్తాయి. 2018లో డాన్, డిఫ్యూజ్ 3 అని రెండు పెద్ద పరిశోధనల ఫలితాలు వచ్చాయి. పెద్ద రక్తనాళంలో గడ్డ ఉండి, చచ్చింది తక్కువ, బతికున్నది ఎక్కువ అని స్కాన్ చెప్పిన వాళ్లను ఎంచుకుని, ఆలస్యంగానైనా గొట్టంతో గడ్డ తీసి చూశారు. డిఫ్యూజ్ 3లో 16 గంటల దాకా వచ్చినవాళ్లను తీసుకున్నారు. చచ్చిన భాగం 70 మిల్లీలీటర్ల లోపు, అంటే చిన్న టీ గ్లాసులో పట్టేంత లోపు ఉండాలన్నది అందులో ఒక షరతు. డాన్‌లో 24 గంటల దాకా తీసుకున్నారు, మొత్తం 206 మంది. గడ్డ తీయించుకున్న వాళ్లలో 49 శాతం మంది మూడు నెలలకు తమ పని తాము చేసుకోగలిగారు. మందులతోనే సరిపెట్టిన వాళ్లలో 13 శాతమే. మా వైద్యంలో ఇంత తేడా చూపించే చికిత్సలు చాలా అరుదు. నాన్నగారి తల స్కాన్‌లో బతికున్న భాగం కనిపించింది కాబట్టే మధ్యాహ్నం ఒంటిగంటకు కూడా ఆ డాక్టర్లు ముందుకెళ్లి ఉంటారు. మీరు ఉసూరుమని ఇంటికి తిరిగి వెళ్లకుండా హైదరాబాద్ బయల్దేరడం వల్లే ఈ రోజు ఆయన కర్ర పట్టుకుని నడుస్తున్నారు.

ఎంఆర్ఐ దగ్గర ఇంకో వెసులుబాటు ఉంది. ఒకే స్కాన్‌లో రెండు రకాల చిత్రాలు తీస్తారు. మొదటిదాంట్లో దెబ్బతిన్న చోటు నిమిషాల్లోనే తెల్లగా మెరుస్తుంది. రెండోదాంట్లో అదే చోటు తెల్లబడటానికి గంటలు పడుతుంది, సుమారు నాలుగున్నర. మొదటిదాంట్లో మచ్చ ఉండి రెండోదాంట్లో లేకపోతే పక్షవాతం వచ్చి ఎక్కువ సేపు కాలేదని అర్థం. ఎవరూ చూడని టైంను మెదడే చెబుతుందన్నమాట. ఈ గుర్తును నమ్ముకుని, నిద్రలేచాక పక్షవాతం బయటపడిన వాళ్లకు ఇంజక్షన్ ఇచ్చి చూసిన యూరప్ పరిశోధన కూడా 2018లోనే వచ్చింది. బాగా కోలుకున్నవాళ్లు ఇంజక్షన్ తీసుకున్నవారిలో 53 శాతం, తీసుకోనివారిలో 42 శాతం. రక్తస్రావాలు కొంచెం ఎక్కువయ్యాయి, ఆ మాటా దాచకూడదు.

అయితే ‘24 గంటలు టైం ఉందట’ అని ఎవరూ నిదానించవద్దు. పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల మెదడు కణాలు పోతాయని 2006లో ఒక లెక్క కట్టారు. ఆ 24 గంటలు స్కాన్‌లో అదృష్టం కలిసొచ్చిన వాళ్లకే. మసాజులు, నాటు మందులు, పావురం రక్తం పట్టించడం అంటూ సగం రోజు పోగొట్టుకుని వచ్చేవాళ్లను నేను ఇప్పటికీ చూస్తున్నాను.

‘సీటీ నార్మల్’ అన్న మాట చాలా కుటుంబాలను తికమక పెడుతోంది. తలలో రక్తస్రావం అయితే సీటీలో వెంటనే తెల్లగా కనబడుతుంది. గడ్డ వల్ల వచ్చిన పక్షవాతం మొదటి కొన్ని గంటల్లో సీటీలో కనిపించకపోవచ్చు. కాబట్టి ఆ పూట ‘నార్మల్’ అంటే ‘రక్తస్రావం లేదు’ అని మాత్రమే అర్థం చేసుకోవాలి. ఒక చెయ్యి, ఒక కాలు పడిపోయి స్కాన్ నార్మల్ వచ్చిందంటే ఇంకా తొందరపడాలి. రంగు మందు ఎక్కించి మెడ, తల రక్తనాళాలు కూడా అప్పుడే చూస్తే పెద్ద గడ్డ ఉందో లేదో అక్కడే తెలిసిపోతుంది, పెద్ద ఆస్పత్రికి ముందే కబురు వెళ్తుంది.

ఇప్పుడు మీ మనసును తొలుస్తున్న కాఫీ సంగతి. న్యుమోనియా మొత్తం ఆ కాఫీ మీద వేయలేం. పక్షవాతంలో మింగే కండరాలు కూడా దెబ్బతింటాయి. మన లాలాజలమే తెలియకుండా ఊపిరితిత్తుల్లోకి జారుతుంటుంది. దానికితోడు మెదడుకు దెబ్బ తగలగానే శరీరంలో రోగనిరోధక శక్తి పడిపోతుంది. 2003లో బెర్లిన్ శాస్త్రవేత్తలు ఎలుకల్లో ఇది చూపించారు. మెదడు దెబ్బతిన్నాక గుండెదడ పుట్టించే నరాలు అతిగా పనిచేసి, ఇన్ఫెక్షన్లతో పోరాడే లింఫోసైట్ కణాలను అణచేస్తున్నాయి. ఆ నరాల జోరు తగ్గించే మందు ఇస్తే ఎలుకల్లో ఇన్ఫెక్షన్లు తగ్గాయి. మనుషుల్లోనూ పక్షవాతం వచ్చిన మొదటి రోజుల్లో ఈ కణాలు తగ్గడం రక్తపరీక్షలో కనిపిస్తుంది. నాన్నగారికి న్యుమోనియా నాలుగో రోజు వచ్చింది కదా, మేం ఎక్కువగా చూసేది కూడా ఆ మొదటి వారంలోనే.

మరి ముందుజాగ్రత్తగా అందరికీ యాంటీబయాటిక్ ఇస్తే? నెదర్లాండ్స్‌లో 2,500 మందికి పైగా రోగుల మీద చేసిన పరిశోధన, బ్రిటన్‌లో చేసిన మరొకటి, రెండూ 2015లో వచ్చాయి. న్యుమోనియా తగ్గలేదు. ఫలితం దక్కింది చాలా మామూలు పని దగ్గర. ఆస్ట్రేలియాలో 19 స్ట్రోక్ యూనిట్లలో కొన్నిచోట్ల నర్సులకు మూడు విషయాల్లో శిక్షణ ఇచ్చారు: జ్వరం, షుగర్, మింగడం. జ్వరం రాగానే తగ్గించడం, షుగర్ అదుపు చేయడం, మింగగలరో లేదో పరీక్షించాకే నోటికి ఏదైనా ఇవ్వడం. 2011లో ఫలితాలు వచ్చాయి. మూడు నెలలకు చనిపోయినవాళ్లు, ఇతరుల మీద ఆధారపడినవాళ్లు కలిపి, శిక్షణ లేనిచోట 58 శాతం, ఉన్నచోట 42 శాతం. కొత్త మందేమీ లేదు అందులో. ఒక చెంచా నీళ్లు, ఒక నర్సు ఓపిక. మన దగ్గర ప్రతి ఆస్పత్రిలో ఇది జరగాలని నేను గట్టిగా కోరుకుంటాను.

కాబట్టి మూతి వంకర పోయినా, మాట ముద్దగా వచ్చినా కాఫీ, నీళ్లు, తీర్థం, మాత్ర ఏదీ నోట్లో వేయకండి. ఆస్పిరిన్ కూడా వద్దు, లోపల రక్తస్రావం అయి ఉంటే అది విషమే. షుగర్ అనుమానం ఉంటే గ్లూకోమీటర్‌తో చూసి ఆ అంకె ఆంబులెన్స్‌లో చెప్పండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మీరు తెలియక, ప్రేమతో చేశారు. అక్కడితో వదిలేయండి.

ఇమ్యూనిటీ పొడులు, సిరప్‌లు కొనవద్దు. పక్షవాతంలో రోగనిరోధక శక్తి రెండువైపులా పదునున్న కత్తి. ఇన్ఫెక్షన్లను ఆపలేనంతగా ఒకపక్క నీరసిస్తూనే, ఇంకోపక్క దెబ్బతిన్న మెదడు మీదికి దండు కడుతుంది. ఆ కణాలు కొన్ని ఎక్కడి నుంచి వస్తాయో 2018లో అమెరికా శాస్త్రవేత్తలు చూపించారు. పుర్రె ఎముకలోని మజ్జ నుంచి మెదడు పైపొరలోకి నేరుగా సన్నని దారులున్నాయి. ఎలుకల్లో పక్షవాతం తర్వాత ఆ దారుల గుండా తెల్లకణాలు దిగుతున్నాయి. నాకు చాలా ఆశ కలిగించిన విషయం ఇది. కానీ ఈ దండును మందుతో ఆపాలని మనుషుల్లో చేసిన ఒక ప్రయత్నం, 2001లో 625 మందిపై, రోగులకు కీడే చేసింది. పెంచాలన్నా తగ్గించాలన్నా మన చేతిలో ఇంకా పగ్గం లేదు. ఉన్న పగ్గం టీకాలు. షుగర్ ఉన్న మనిషి కాబట్టి ఏటా ఫ్లూ టీకా, న్యుమోకాకల్ టీకా గురించి మీ ఫిజీషియన్‌తో మాట్లాడి వేయించండి.

తమ్ముడికి స్టెమ్ సెల్ వద్దని గట్టిగా చెప్పండి. మన దేశంలోనే ఐదు కేంద్రాల్లో 120 మంది పక్షవాత రోగులకు వాళ్ల ఎముక మజ్జ నుంచి తీసిన స్టెమ్ సెల్సే ఎక్కించి చూశారు. 2014లో ఫలితాలు వచ్చాయి. హాని లేదు, మేలూ లేదు. పరిశోధనలో భాగంగా తప్ప పక్షవాతానికి స్టెమ్ సెల్స్ ఇవ్వకూడదని ఐసీఎంఆర్ మార్గదర్శకాలే చెబుతున్నాయి. డబ్బులు తీసుకుని ఇస్తున్నారంటే అది పరిశోధన కాదు. ఆ డబ్బు పెట్టి ఇంకో ఆరు నెలలు ఇంటికి ఫిజియోథెరపిస్టును పిలిపించండి. మొదటి ఆరు నెలల్లో వచ్చే మెరుగుదల తర్వాత అంత తేలిగ్గా రాదు.

గడ్డ ఎక్కడి నుంచి వచ్చిందో మీ ఉత్తరంలో లేదు. మెడ రక్తనాళాలు చూశారా, ఎకో (గుండె స్కాన్) తీశారా, గుండె లయ తప్పుతోందేమో తెలుసుకోవడానికి 24 గంటలు, అవసరమైతే ఇంకా ఎక్కువ రోజులు ఈసీజీ రికార్డు చేశారా అని డిశ్చార్జ్ కాగితంలో వెతకండి. లయ తప్పడం కనబడితే ఆస్పిరిన్ సరిపోదు, వేరే మందు కావాలి. ఈసారి న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ కాగితంతోపాటు రెండు ఆస్పత్రుల స్కాన్ సీడీలు కూడా తీసుకెళ్లండి. రిపోర్టు కాగితాలు చాలవు, బొమ్మలు మళ్లీ చూడాలి.