వ్యాక్సిన్ పాలసీ చర్చల్లో ఫార్మసిస్టు మాట ఎవరు వింటారు?

మెడికల్ షాపు నడిపే ఫార్మసిస్టు వ్యాక్సిన్ పాలసీ మీద మాట్లాడొచ్చా, మాట్లాడితే వినేదెవరు అని అడిగారు. నేను కొన్నేళ్లు షాపులో చేశాను, ఇప్పుడు పీహెచ్‌సీలో ఫార్మసిస్టుని. వినేవాళ్లున్నారు, కాకపోతే మనం వెతికే చోట కాదు.

ఏ టీకాను జాతీయ కార్యక్రమంలో చేర్చాలో కేంద్రానికి సలహా ఇచ్చేది ఎన్‌టాగీ అనే జాతీయ సాంకేతిక సలహా బృందం. 2001లో ఏర్పడింది. అక్కడ కూర్చునేది నిపుణులు, మనం వెళ్లి మైకు పట్టుకునేది ఉండదు. అమెరికాలో ఉన్న మన ఫార్మసిస్టులైతే స్వయంగా టీకాలు వేస్తారు, అక్కడి సలహా కమిటీ ఏసీఐపీకి రాతపూర్వకంగా అభిప్రాయాలు కూడా పంపుకుంటారు. ఇక్కడ మనకు దారి కింది నుంచి, మండలం, జిల్లా మీదుగా ఉంది.

చాలా పీహెచ్‌సీల్లో ఐఎల్‌ఆర్, అంటే టీకాలు నిల్వ చేసే ఫ్రిజ్, బాధ్యత ఫార్మసిస్టుదే. ఆదివారమైనా పండగైనా రోజుకు రెండుసార్లు టెంపరేచర్ చూసి బుక్కులో రాయాలి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. అందరూ వేడికే భయపడతారు గానీ పెంటావాలెంట్, హెపటైటిస్-బి, టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా) టీకాలు ఒకసారి గడ్డకడితే ఇక పనికిరావు. పైగా టీకా సీసా మీద రంగు మారే గుర్తు, వీవీఎం, వేడి తగిలిన సంగతే చెబుతుంది, గడ్డకట్టిన సంగతి చెప్పదు. అందుకే ఐస్‌ప్యాకుల్ని ఫ్రీజర్‌లోంచి తీసి నేరుగా టీకాలు తీసుకెళ్లే క్యారియర్‌లో పెట్టకూడదు. పైన చెమట పట్టి, ఊపితే లోపల గలగలమనే దాకా బల్ల మీద ఉంచాలి. అవతల బస్సు వెళ్లిపోతుందని ఏఎన్‌ఎం గుమ్మంలో నిలబడి ఉంటుంది. ఆ టెన్షన్ పడ్డవాళ్లకే తెలుసు.

ఒకసారి మండల సమీక్షలో టీకా సెషన్లు ఆలస్యంగా మొదలవుతున్నాయని గొడవ. తప్పంతా ఏఎన్‌ఎంల మీదకే నెట్టారు. నేను వాదనకు దిగలేదు. ప్యాకులు అలా చెమట పట్టి సిద్ధం కావడానికి ఏ నెలలో ఎంతసేపు పడుతోందో రాసుకున్న కాగితం మెడికల్ ఆఫీసరు గారికిచ్చాను. ఆయన దాన్ని జిల్లా ఇమ్యునైజేషన్ ఆఫీసరుకు పంపారు. ప్యాకులు ముందుగా తీసే డ్యూటీ ఎవరిదో ఆ తర్వాత రాతలో వచ్చింది. నోటితో చెప్పి ఉంటే టీ తాగి లేచేసరికి మర్చిపోయేవాళ్లు.

మీ దగ్గర ఐఎల్‌ఆర్ లేకపోయినా కౌంటర్ ఉంది. ‘మొదటి డోసుకే పిల్లాడికి జ్వరం వచ్చిందండీ, రెండోది మానేద్దామా?’ అని తల్లులు డాక్టర్ కంటే ముందు మిమ్మల్నే అడుగుతారు. పేర్లు వద్దు. ఏ టీకా, ఏం అడిగారు, ఏ నెలలో, ఇంతే రాసుకోండి. ఒకే భయం పదేపదే వినిపిస్తే అది మీ పీహెచ్‌సీ డాక్టరుకో జిల్లా ఇమ్యునైజేషన్ ఆఫీసరుకో తెలియాల్సిన సమాచారం. కలెక్టర్ అధ్యక్షతన జరిగే జిల్లా టాస్క్‌ఫోర్స్‌కు ఏ ఊళ్లో టీకాలు ఎందుకు తగ్గుతున్నాయన్నదే ముఖ్యం.

దుష్ప్రభావం అనుమానం వస్తే దగ్గర్లోని పీహెచ్‌సీకి చెప్పండి. 1800-180-3024కి కూడా ఫోన్ చేయొచ్చు, అది మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ వాళ్ల టోల్‌ఫ్రీ నంబరు. బ్యాచ్ నంబరు దగ్గర పెట్టుకోండి. వాట్సాప్ గ్రూపులో మాత్రం ముందే పెట్టకండి. దర్యాప్తు మొదలయ్యేలోపే ఊరంతా తీర్పు చెప్పేస్తుంది.

ఇక నిబంధనలు మార్చేటప్పుడు. డ్రగ్స్ రూల్స్‌కు సవరణ తేవాలంటే ముందు గెజిట్‌లో ముసాయిదా ఇచ్చి అభ్యంతరాలు, సూచనలు అడుగుతారు. గడువు, పంపాల్సిన చిరునామా అందులోనే ఉంటాయి. అసోసియేషన్ పంపే మూస లేఖ కింద సంతకం పెట్టడం కంటే మీరే ఒక పేజీ రాయండి: ఏ రూలు, దానివల్ల షాపులో జరిగేదేమిటి, దాని బదులు ఏ వాక్యం ఉండాలి. ఆ రూలుకు సంబంధించిన టీకా మీరు అమ్ముతుంటే ఆ ముక్క మొదటే చెప్పేయండి. ప్రభుత్వోద్యోగులైతే కాండక్ట్ రూల్స్ ఉంటాయి కాబట్టి నాలాగా పై అధికారి ద్వారా పంపడమే క్షేమం.