క్లిప్ వేశాక మళ్లీ బుడగ ఎందుకొచ్చింది?

ప్రశ్న: మా అమ్మకు 54 ఏళ్లు. 2015లో మెదడులో రక్తనాళం ఉబ్బి పగిలితే తల ఆపరేషన్ చేసి క్లిప్ వేశారు. మొన్న స్కాన్‌లో వేరేచోట 3 మి.మీ. బుడగ ఉందన్నారు. పాత క్లిప్ జారిందా? మళ్లీ తల తెరవాలా? నేనూ స్కాన్ చేయించుకోవాలా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వేరేచోట అన్నారు కాబట్టి క్లిప్ జారడం కాదు. క్లిప్ ఆ ఒక్క బుడగ మెడను, అంటే అది నాళానికి అంటుకున్న చోటును, మూసేస్తుంది, అంతే. నాళాలు చీలే చోట గోడ బలహీనంగా ఉండే గుణం పోదు. ఒకసారి పగిలినవారిలో ఏడాదికి సుమారు నూటికి ఒకరికి కొత్తది వస్తుంది. బీపీ, పొగ, మొదట్లోనే రెండు మూడు బుడగలు ఉండటం, ఇంట్లో ఇంకొకరికి ఉండటం దీన్ని పెంచుతాయి. పొగంటే సిగరెట్టే కాదు, ఉత్తరాంధ్రలో ఆడవాళ్లు నిప్పు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ చుట్ట కూడా పొగే.

ముందు 2015 నాటి యాంజియోగ్రామ్ సీడీ వెతకండి. రిపోర్టు కాగితం చాలదు, బొమ్మలే కావాలి. అప్పుడే 2 మి.మీ. ఉండి కంటపడలేదేమో పోల్చి చూస్తేనే తెలుస్తుంది. అప్పుడూ ఇంతే ఉంటే కొంత నిబ్బరం. లేనిది పుట్టినా, పెరుగుతున్నా డాక్టర్లు గట్టిగా పట్టించుకుంటారు.

3 మి.మీ. బుడగలను చాలామందిలో గమనిస్తూ ఉంటారు. మీ అమ్మగారికి ఒకటి పగిలింది కాబట్టి ఆ లెక్క అచ్చంగా వర్తించదు. బుడగ ఎక్కడుంది, దానిపై చిన్న బొడిపె ఉందా అన్నవి చూసి న్యూరోసర్జన్ తేలుస్తారు. చికిత్స కావాల్సి వచ్చినా తల తెరవాలనేం లేదు. తొడ దగ్గరో మణికట్టు దగ్గరో నాళంలోంచి వెళ్లి కాయిల్ (బుడగను నింపే సన్న తీగ చుట్ట) గానీ ఫ్లో డైవర్టర్ స్టెంట్ (రక్తాన్ని బుడగలోకి పోనివ్వకుండా మళ్లించే జాలీ గొట్టం) గానీ పెట్టొచ్చు. స్టెంట్ పెడితే నెలల తరబడి రెండు రకాల రక్తం పలచబరిచే మాత్రలు వేసుకోవాలి. పన్ను పీకించుకోవాలని సొంతంగా ఆపితే స్టెంట్‌లో రక్తం గడ్డ కట్టొచ్చు.

ఎమ్మారై గదిలోకి వెళ్లేముందు డిశ్చార్జి సమ్మరీ చూపించి క్లిప్ రకం చెప్పండి. టైటానియమైతే సాధారణంగా ఇబ్బంది లేదు, పాతకాలపు స్టీలు క్లిప్ కొన్నిసార్లు అయస్కాంతానికి కదులుతుంది. క్లిప్ చుట్టూ బొమ్మ నల్లబడుతుంది కాబట్టి క్లిప్ వేసిన బుడగ మెడను చూడాలంటే డీఎస్ఏ యాంజియోగ్రామే (నాళంలోకి సన్న గొట్టం పంపి, డై ఎక్కించి తీసే ఎక్స్‌రే) మేలు. ప్రతిసారీ ఒకే రకం స్కాన్ చేయించండి. రకం మారితే 3 కాస్తా 3.4 అయి, అది పెరుగుదలో కొలత తేడానో తేలదు.

బీపీ సాధారణంగా 130/80 లోపు ఉండాలి. ఐదు నిమిషాలు కూర్చున్నాక, మాత్రకు ముందు చూసి రాసుకోండి. నార్మల్‌కి వచ్చిందని మాత్ర మానేయడమే మేం ఎక్కువగా చూసే పొరపాటు.

క్షణాల్లో భరించలేని తలనొప్పి, వాంతి, మెడ బిగుసుకోవడం, ఒక కనురెప్ప వాలి కనుపాప పెద్దదవడం... ఏది కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

మీ సంగతి: అమ్మ ఒక్కరికే ఉంటే మామూలుగా స్కాన్ అక్కర్లేదు. అమ్మతోపాటు మీ తోబుట్టువుల్లో ఎవరికైనా ఉంటే డై లేని ఎమ్మార్ యాంజియో (ఎమ్మారైతో రక్తనాళాలను చూసే స్కాన్) చేయించుకోండి.