కణాల వయసు లెక్క: మేనల్లుడికి అత్త రాసిన ఉత్తరం

అబ్బయా,

మద్రాసులో ల్యాబ్‌లో చేరావని మీ అమ్మ చెప్పింది. కణాలు, శరీరంలో పెట్టే మెటీరియల్స్ ఎలా ముసలివవుతాయో చూడటమే నీ ప్రాజెక్టట. ఇరవై ఎనిమిదేళ్లు ఆ పనే చేసి నెల్లూరొచ్చి కూర్చున్నదాన్ని, అడక్కపోయినా చెప్తాను.

ముందు కణాల వయసు రాసుకోవడం నేర్చుకో. మనిషి ఫైబ్రోబ్లాస్టులు, అంటే చర్మం లాంటి చోట్ల ఉండే కణాలు, డిష్‌లో ఎల్లకాలం పెరగవని 1961లో హేఫ్లిక్, మూర్‌హెడ్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. సుమారు 50 సార్లు రెట్టింపయ్యాక ఆగిపోతాయి. ఆ లెక్క రెట్టింపులది, పాసేజ్‌లది కాదు. పాసేజ్ అంటే నిండిన ఫ్లాస్క్‌లోని కణాలను కొత్త ఫ్లాస్క్‌లకు పంచడం. నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఒక ల్యాబ్ వాళ్లిచ్చిన వయల్ మీద నీలం ఇంకుతో 'పి8' అని మాత్రమే ఉంది, అంటే ఎనిమిదో పాసేజ్. లేత కణాలే కదా అని కంట్రోల్‌గా, అంటే ముసలివాటితో పోల్చడానికి, వాడాను. మూడు నెలల తర్వాత తెలిసింది, వాళ్లు ప్రతిసారీ ఒక ఫ్లాస్క్‌ని ఎనిమిదికి పంచేవాళ్లని. ఒకటి ఎనిమిది కావాలంటే మూడు రెట్టింపులు. ఎనిమిది పాసేజ్‌లంటే 24! నా 'పడుచు' కణాలకు అప్పటికే సగం ఆయుష్షు అయిపోయింది. ఆ మూడు నెలల డేటా చెత్తబుట్టలోకి పోయింది. అందుకే ఎన్ని కణాలు వేశావో, ఎన్ని తీశావో ప్రతిసారీ లెక్కపెట్టి పుస్తకంలో రాయి. బద్ధకం వేసిన రోజు కూడా.

ముసలి కణాలను బీటా గెలాక్టోసిడేజ్ అనే ఎంజైమ్‌ని చూపించే రంగుతో పట్టుకుంటారు, నీలంగా మారతాయి. పీహెచ్ సరిగ్గా 6.0 ఉండాలి. రంగు వేసిన ప్లేటును కార్బన్ డయాక్సైడ్ ఉన్న ఇంక్యుబేటర్‌లో పెట్టొద్దు, పీహెచ్ పడిపోయి పడుచు కణాలు కూడా నీలమవుతాయి. కిక్కిరిసి పెరిగిన కణాలూ అంతే. ఒక్క నీలాన్ని నమ్మి పేపర్ రాయకు, ముసలి కణాల్లో పెరిగే పీ16 ప్రొటీన్ కూడా చూడు.

ఇక మెటీరియల్స్. మీ గైడ్ తొందరపెడతాడు, వేడి పెంచి త్వరగా తేల్చమంటాడు. పది డిగ్రీలు పెంచితే వేగం రెట్టింపని ఒక లెక్క ఉంది. 25 డిగ్రీల దగ్గర ఏడాదికి జరిగేది 55లో 46 రోజులకే అయిపోతుందని దాని అర్థం. ప్యాకింగ్ కవర్లకు సరే. నీ పాలిమర్‌కి? ఒంట్లో మెల్లగా కరిగిపోయే పీఎల్‌జీఏ లాంటి పాలిమర్ 45–50 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, నీళ్లలో నానితే ఇంకా ముందే. అప్పుడు నువ్వు చూసేది వేరే వస్తువుని. చర్మంలో, ఎముకల్లో ఉండే ప్రొటీన్ కొలాజెన్, దాని జెల్‌ని 60లో పెడితే ముసలిది కాదు, ఉడికి జిలాటిన్ అవుతుంది. 37 డిగ్రీల్లోనే రైబోజ్ చక్కెర కలిపి కొన్ని వారాలు ఉంచు, పసుపెక్కి బిరుసవుతుంది. అది ఒంట్లో జరిగేదానికి దగ్గర.

మన చేపల పులుసు రాత్రి చేసి పొద్దున తింటేనే కదా రుచి. ఆ రాత్రి ఊరేది పొయ్యి మీద పది నిమిషాలు మరగబెడితే వస్తుందా? మీ గైడ్‌కి ఈ మాట చెప్పకు, నవ్వుతాడు. లెక్క చూపించు.

37 డిగ్రీల శాంపిల్స్ మాత్రం ఈ వారమే మొదలుపెట్టు. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ పుస్తకం తీసుకురా, రెట్టింపుల లెక్క నేను చూస్తాను.

మీ అత్త