ప్రార్థించినా నా భర్త బ్రతకలేదు. నా విశ్వాసం చాలలేదా?

ప్రశ్న: నా భర్త మూత్రపిండాల వ్యాధితో చాలాకాలం బాధపడి, కొన్ని నెలల క్రితం ప్రభువునందు నిద్రించారు. ఆయన స్వస్థత కోసం ఉపవాసముండి ప్రార్థించాను. "నీకు విశ్వాసముంటే ఆయన బాగుపడేవారు" అని కొందరు, "విశ్వాసులు ఇలా ఏడిస్తే సాక్ష్యం చెడుతుంది" అని మరికొందరు అంటున్నారు. ఆదివారం ఆరాధనకు వెళ్తున్నాను గాని, ప్రార్థించబోతే నోట మాట రావడం లేదు. నేను దేవునికి దూరమయ్యానా?
– ఒక సహోదరి, తెనాలి

జవాబు: సహోదరీ, మీ భర్త మరణానికి మీ విశ్వాసంలోని లోపమే కారణమని తీర్పు చెప్పే అధికారం ఏ మనిషికీ లేదు. మెలితే ద్వీపంలో పొప్లి తండ్రి మీద చేతులుంచి స్వస్థపరచిన పౌలే, తన తోటి సేవకుడైన త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచి వచ్చానని తిమోతికి రాసిన రెండవ పత్రిక చివరి అధ్యాయంలో చెప్పాడు. త్రోఫిముకు విశ్వాసం చాలలేదని గాని, తన ప్రార్థనలో బలం తగ్గిందని గాని అక్కడ ఒక్క మాట కూడా లేదు. గెత్సేమనేలో ప్రభువే మూడుసార్లు ప్రార్థించినా ఆ శ్రమల గిన్నె ఆయన యొద్దనుండి తొలగలేదు. మిమ్మల్ని నిందించినవారు ఈ భాగాలను నిదానంగా చదవవలసి ఉంది.

ఇక కన్నీళ్ల సంగతి. యోహాను సువార్త పదకొండవ అధ్యాయంలో మార్త, మరియ ఇద్దరూ వేర్వేరుగా వచ్చి, నీవు ఇక్కడ ఉండి ఉంటే మా సహోదరుడు చనిపోయేవాడు కాడని ప్రభువుతో అన్నారు. అది స్తుతి కాదు, నొచ్చుకున్న మనసులో నుండి వచ్చిన ఫిర్యాదు. అయినా ఆయన వారిలో ఎవరినీ గద్దించలేదు. మరి కొద్దిసేపటిలో వారి సహోదరుడైన లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ఆయన కన్నీళ్లు విడిచాడు. పునరుత్థాన నిరీక్షణ ఉన్నవారు ఏడవకూడదన్నది నిజమైతే, ఆ నియమాన్ని మొదట మీరినవాడు ప్రభువే అవుతాడు. థెస్సలొనీక సంఘానికి పౌలు రాసింది కూడా అసలు దుఃఖించవద్దని కాదు, నిరీక్షణ లేనివారివలె దుఃఖించవద్దని. విశ్వాసం కోసం రాళ్లతో చంపబడిన స్తెఫనును సమాధి చేసిన భక్తిపరులు అతని కోసం బహుగా ప్రలాపించారని అపొస్తలుల కార్యములు చెబుతోంది. వారి సాక్ష్యం చెడిందని ఎవరూ అనలేదు.

మాట రానప్పుడు మీరు సొంతంగా ప్రార్థన కూర్చుకోవలసిన పని లేదు. ఎనభై ఎనిమిదవ కీర్తన తెరిచి మెల్లగా పైకి చదవండి. చాలా విలాప కీర్తనలు చివరికి స్తుతి వైపు తిరుగుతాయి గాని, ఇది చీకటితోనే ముగుస్తుంది. అయినా అందులో ప్రతి మాటా దేవునితోనే పలికినది. అంత చీకటిలో ఉన్న భక్తుడు దేవునికి దూరమైనవాడు కానట్లే, మాట పెగలక ఆరాధనలో మౌనంగా కూర్చుంటున్న మీరూ ఆయనకు దూరం కాలేదు.

మన సంఘాల్లో మరణం తరువాత కుటుంబాన్ని ఓదార్చే ఆదరణ కూటము రోజున ఇల్లు నిండుతుంది, ఆ తరువాత ఆ గడప తొక్కేవారు తగ్గిపోతారు. ఇది నన్ను ఎంతో బాధించే విషయం. మీ స్త్రీల సమాజంలో మీకు నమ్మకమున్న ఒకరిద్దరిని వారానికొకసారి ఇంటికి రమ్మని అడగండి. ఉపదేశమేమీ అక్కరలేదని, పక్కన కూర్చుని ఒక కీర్తన చదివితే చాలునని ముందే చెప్పండి. అలా అడగడానికి సంకోచించకండి, ఏడ్చువారితో ఏడవడం సంఘానికి ఇచ్చిన ఆజ్ఞే.

నిద్ర, ఆహారం వారాల తరబడి కరువైతే, లేదా బ్రతకాలని లేదన్న తలంపు వస్తే, వెంటనే వైద్యుని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ అయిన టెలీమానస్‌కు 14416 నంబరులో ఏ వేళనైనా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. వైద్య సహాయం కోరడం అవిశ్వాసం కాదు.